నూటికి రెండని విని

ఇబ్రహీంపట్నం

అక్కకు, తమ్ముడు నర్సింహ దండం పెట్టి రాస్తున్నది.

నీ మోకాళ్ళు ఎట్లున్నాయి? బావకు దగ్గు తగ్గిందా? ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాము. నీ మరదలు బాలమ్మ కర్ర పట్టుకొని గుమ్మం దాకా నడుస్తున్నది. శేరిగూడ కాలేజీ గేటు దగ్గర నా పని అట్లనే ఉంది. ఎండ బాగా కొడుతున్నది. మెస్సు కూరలో కారం ఉండదు, అయినా తింటున్నాను. రంది పెట్టుకోకు.

ఒక సంగతి చెప్పాలి. ఫోనులో నాకు నోరు రాదు, అందుకే రాస్తున్నాను.

బాలమ్మ కాలు విరిగినప్పుడు ఆపరేషన్‌కు అప్పు కోసం తిరిగాను. బ్యాంకు మేనేజరు కంప్యూటర్ చూసి, "తాతా, ఎవరి బండి లోనుకో జామీను పెట్టినవ్. ఆయన కట్టలే, నీ స్కోరు పోయింది. నీకు లోన్ రాదు" అన్నాడు. నాతో పనిచేసిన వాచ్‌మన్ అడిగితే కాదనలేక పెట్టిన సంతకం అది.

బస్టాండు దగ్గర సేటును అడిగాను. "నూటికి మూడు, నెల నెల కట్టాలె. ఇష్టముంటే తీస్కో, లేకుంటే పో" అన్నాడు. ముఖం మీద అట్లా అంటే మనసుకు పట్టలేదు. హయత్‌నగర్‌లో ఫైనాన్సు ఆయన కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. "స్కోరుతోని మాకేం పని పెద్దయ్యా? నూటికి రెండే" అన్నాడు. మూడు కంటే రెండు నయమని తీసుకున్నాను. మన ఊళ్ళో నూటికి రెండంటే నెలకే కదక్కా. ఎన్నాళ్ళకని ఎవరైనా అడుగుతారా? నేనూ అడగలేదు. వారానికట. వారం తిరగంగనే ఆయన మనిషి వడ్డీకి గేటు దగ్గరికి వస్తే తెలిసింది.

జీతమంతా వడ్డీకే పోతున్నది. అసలు అట్లనే ఉంది. బాలమ్మకు చెప్పలేదు.

మొన్న ఆ ఫైనాన్సు ఆయనే వచ్చి మంచిగా మాట్లాడాడు. "పాతది కొట్టేసి కొత్తది రాస్తం పెద్దయ్యా, నెల వడ్డీకే. భూమి ఉన్నోళ్ళు ఒక్కలు జామీను పెడితే చాలు. మీ అక్కకు ఎకరం ఉందంటివి గదా?" అన్నాడు. ఆనాడు చాయ్ తాగుతూ నేనే చెప్పుకున్నాను. కాగితం చూపించమంటే, "సంతకం నాడు చూస్తవు తీ, గంత ఫికరెందుకు?" అన్నాడు. నేను తల ఊపాను.

వచ్చే నెల మొదటి ఆదివారం నన్ను కారులో మీ ఇంటికి తీసుకొస్తాడు. నేను నీ ముందు నిలబడి, "అక్కా, జర సంతకం పెట్టు" అంటాను. ఆయన పక్కన ఉంటే అట్లనే అంటాను, నా సంగతి నాకు తెలుసు. నువ్వు పెట్టకు. బావ జాలిపడి కలం అందించినా పెట్టకు. మంచినీళ్ళు కూడా ఇవ్వకు, నీళ్ళిస్తే కూర్చుంటాడు, కూర్చుంటే మాటల్లో దించుతాడు. వాకిట్లోనే తిట్టి వెళ్ళగొట్టు. నేను ఏడ్చినా వినకు. మీ ఇద్దరికీ ఆ ఎకరమే బువ్వ.

తరువాత నా సంగతి అంటావా, మళ్ళీ సేటు దగ్గరికి పోయి అడుగుతాను. ఇస్తాడో ఇవ్వడో.

బావకు దండాలు చెప్పు. ఎప్పుడు రాసినా నీ దీవెన అడుగుతాను. ఈసారి పదిమంది వినేటట్టు తిట్టు అక్కా, అదే నాకు దీవెన.

కాదనడం చేతకాని నీ తమ్ముడు,
నర్సింహ