నరం కాదట

గురువారం రాత్రి, మైపాడు

పక్కింటి రూతు ఈ పొద్దు కూడా సముద్రం ఒడ్డున పరుగెత్తింది. కానిస్టేబుల్ పరుగు పరీక్షకని ఇద్దరం కలిసే మొదలుపెట్టాం. ఇప్పుడు నేను దెబ్బతిన్న మడమ బాగవ్వాలని మిద్దె మెట్టు అంచున నిలబడి, మడమలు మెల్లగా కిందికి దించుతూ పైకి లేపుతూ ఉంటే, ఆ పిల్ల తడి ఇసుక మీద లేడిపిల్లలా పోతోంది. చూస్తుంటే ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం కుంటుకుంటూ మా ఇంటికొచ్చింది. ప్రభువా, ఆ కుంటడం చూసి నాకు హాయిగా అనిపించింది.

"అక్కా, మడమ కాడ నరం పట్టింది. మాయమ్మ ఆముదం రాసి గట్టిగా పిసుకుతానంటా ఉండాది. రేపు పరిగెత్తొచ్చు గదా?"

నాకు నొప్పొచ్చినప్పుడు మా అమ్మ కూడా నరమనే అంది, అలాగే పిసికింది. మర్నాడే నేను పరుగెత్తాను. అది నరం కాదు, కండను ఎముకకు పట్టి ఉంచే తాడులాంటిది, అలా పిసికితే ఇంకా చెడుతుందని నెల్లూరులో ఫిజియో చెప్పేసరికి నా పని అయిపోయింది.

"పరిగెత్తు" అనే మాట నోటిదాకా వచ్చింది. వాచిన ఆ మడమ చూశాక మింగేశాను.

"పిసికించుకోబాక. నొప్పి తగ్గిందాకా పరుగు మానుకో. తర్వాత నాతో పాటు ఈ మెట్టు కాడికి రా" అన్నాను.

చెప్పినా కుళ్ళు తగ్గలేదు. అది నాకన్నా ముందే కోలుకుని పరుగెత్తుతుంది. దానికి వేళకు చెప్పే అక్క ఉంది.