ఫోను వద్దన్నది నేనే

ఒసే బల్లిపిల్లా, ఇదంతా చదివాకే అమ్మ మీద కోపం తెచ్చుకో.

నాన్న సంగతి దాచారని నీకు ఎక్కడం నేర్పిన మాస్టారితో మాట మానేశావనీ, ఇక పోటీల్లో గోడ ఎక్కనంటున్నావనీ చెల్లి చెప్పింది. ఆయన తప్పేం లేదమ్మా. ఫైనల్ రోజు ఆసుపత్రి నుంచి నేనే ఆయనకి ఫోను చేశాను. ఎక్కాల్సిన గోడ ముందే చూడకూడదని, నీ వంతు వచ్చేదాకా మిమ్మల్నందరినీ గదిలో కూర్చోబెట్టి మీ ఫోన్లు తీసుకున్నారట. "పిలవమంటే పిలుస్తానమ్మా. కానీ బయటికొస్తే ఇవాళ ఎక్కనివ్వరు, మీరే చెప్పండి" అన్నారు.

మీ నాన్న మంచం మీంచి "ఒక్క మాట మాట్లాడించవే" అన్నారు. గండం గడిచిందని డాక్టరు చెప్పాడు కదా అని, "ఫైనల్‌కి రావడానికి దానికి ఆరేళ్లు పట్టింది, దిగాక తీరిగ్గా మాట్లాడుదురుగాని" అన్నాను. "సరేలే, గోడ మీది బల్లిని పిలిస్తే పడిపోతుంది" అని నవ్వారు. నువ్వు దిగేలోపే వెళ్లిపోయారు.

ఆయన ఆఖరి మాట నీకు దక్కకుండా చేసింది నేను. ఆ ఉసురు నాకే తగలాలి, మాస్టారికి కాదు. ముందు ఆయనతో మాట్లాడు.

నాన్న కుట్టుమిషను చెల్లి అడుగుతోంది, ఇచ్చేయనా? అటక మీద నీ పాత బూట్లు ఎలుకలు కొరుకుతున్నాయి, పంపనా, పారేయనా? వేలి దెబ్బ మానిందా? పిన్ని నిన్ను అడిగినట్టు చెప్పమంది.

చల్లగా ఉండు తల్లీ. బరువు పెరుగుతానని కడుపు మాడ్చుకోకు, వేళకి ఇంత అన్నం తిను.