యాడ్స్ తీయని ఎపిసోడ్లు

ఏవండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. భోజనాలయ్యాక ఉయ్యూరు నుంచి వచ్చిన మీ చెల్లెలు సుజాత పెన్‌డ్రైవ్ తీసింది.

"వదినా, అన్నయ్య టీవీలోంచి రికార్డు చేసిన సీరియల్ నాకిస్తానన్నాడు. కాపీ చేసివ్వవా?"

మీరు పోయాక, టీవీ వెనక మీరు రికార్డింగులన్నీ దాచుకునే ఆ సర్వర్ పెట్టెని నేను ముట్టుకోలేదు. తెరిచి చూస్తే ఆ సీరియల్ రెండు ఫోల్డర్లలో ఉంది. ఒకటి సుజాత పేరుతో, ఒకటి నా పేరుతో. సుజాత ఫోల్డర్లో ఎపిసోడ్లన్నిటికీ వరసగా నంబర్లు వేసి, యాడ్స్ శుభ్రంగా కత్తిరించారు. నా దాంట్లో సబ్బులూ టీపొడీ అన్నీ అలాగే ఉన్నాయి.

"అదేంటొదినా, నీకిలా వదిలేశాడు!" అని నవ్వింది కూడా. నాకు ఒళ్ళు మండింది. చెల్లెలికైతే ఓపిక, పెళ్ళానికైతే బద్ధకమా?

అది బస్సెక్కాక, ఆ ఉక్రోషంతోనే నా ఎపిసోడ్ పెట్టాను. యాడ్ రాగానే అలవాటుగా లేచి వంటింట్లోకి పరుగెత్తాను. ఆ యాడ్స్‌లోనే కదా రోజూ నా వంటంతా! పాలు దింపి వచ్చి కూర్చునేసరికి సీరియల్ మళ్ళీ మొదలైంది. ఒక్క మాట కూడా పోలేదు.

సుజాత అడిగినా ఈ ఫోల్డరు ఇవ్వను.