జంట సైకిలు మీద వచ్చిన మంత్రసాని

కీత్లీ, 9 మార్చి 1935

అమ్మా,
మాకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరం కులాసా, కంగారుపడకు. నొప్పులు అనుకున్నదానికన్నా మూడు వారాలు ముందే, మొన్న ఆదివారం పొద్దున మొదలయ్యాయి. బస్సులు లేవు. మేమిద్దరం ముందూ వెనకా కూర్చుని తొక్కుతూ షికారుకు వెళ్లే జంట సైకిలు మీద క్లిఫర్డ్ ఒక్కడే నాలుగు మైళ్లు తొక్కుకుంటూ వెళ్లి మంత్రసాని ఆక్రాయిడ్‌గారి తలుపు తట్టాడు. ఆవిడకు అరవై దాటాయి, ఎన్నడూ సైకిలు ఎక్కి ఎరగదు. అయినా సంచీ మెడకు తగిలించుకుని నా సీటులో కూర్చుందట. కొండ ఎక్కేచోట ఇతను ఆయాసపడి, "కాసేపు దిగి నడుద్దామండీ" అంటే, "నీ పెళ్లాం ఆగుతుందా నాయనా? తొక్కు. నేనూ తొక్కుతున్నాగా" అందట.

పిల్ల మెడకు బొడ్డుతాడు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. పుట్టగానే ఏడవలేదు, ఒళ్లంతా నీలం. ఆవిడే తాడు తప్పించి, వీపు రుద్ది రుద్ది ఏడిపించింది. ఆ తర్వాత కుర్చీలో కూలబడి, "టీలో చక్కెర రెండింతలు వెయ్యి" అంది క్లిఫర్డ్‌తో.

తెల్ల ఊలు రెండు ఉండలు పంపు. నాన్న దగ్గు తగ్గిందా? చెల్లికి మిల్లులో పని దొరికిందా?

అందరికీ ముద్దులు. ఇవాళ్టి నుంచి ప్రార్థనలో నా పేరుకన్నా ముందు ఆక్రాయిడ్‌గారి పేరు చెప్పమ్మా.

నీ ఎల్సీ