సగటు చెడగొట్టినవాడు

4 ఆగస్టు, ఉదయం

చిరంజీవి పెద్దమ్మాయికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. నేను క్షేమం. నీవూ, నీ పరిశోధనశాలా క్షేమమని తలుస్తాను. మీ అమ్మ సంగతి తరువాత వ్రాస్తాను. క్రమం తప్పి వ్రాయడం నాకు అలవాటు లేదు.

నా కూతురు మనుషుల ప్రవర్తనను కొలుస్తుందని నలుగురితో గొప్పగా చెప్పుకొన్నాను. ఆ గొప్పతోనే మీ ప్రయోగానికి వచ్చాను. సమ్మతిపత్రంలోని తప్పులను దిద్ది మరీ సంతకం చేశాను. ఒంటరిగా కూర్చోబెట్టి, ఏవో ప్రశ్నలకు జవాబులు వ్రాయమన్నారు. ఇంతలో పక్కగదిలోనుంచి మీ అమ్మ, ఏమండీ పడిపోయాను, ఒక్కసారి రండి అని అరిచింది. కుర్చీ పడదోసి పరుగెత్తాను. తలుపు తీస్తే బల్ల మీద టేపు తిరుగుతోంది! అద్దం వెనుక నీ శిష్యులు పగలబడి నవ్వారు. అందరూ కాసేపు ఆలోచించి లేచారు, మీరొక్కరే వెంటనే లేచి మా సగటు చెడగొట్టారు నాన్నా అని నీవూ నవ్వావు. బడిలో పిల్లలు నా ఎదుట నవ్వడానికి జడిసిన రోజులు గుర్తుకు వచ్చాయి.

ఒకసారి మోసపోయినవాడు మళ్ళీ లేస్తాడా అన్నది రెండో విడత అన్నావు. అది ముందు చెప్పకుండా ఇంట్లోనే జరుగుతుందనీ, అమ్మే నటిస్తుందనీ అన్నావు.

శనివారం స్నానాలగదిలోనుంచి అదే పిలుపు వచ్చింది. అవే మాటలు. నేను పత్రిక దించలేదు. నీ కూతురి ఆటకు ఈసారి దొరకనని మీ అమ్మతో గట్టిగా చెప్పాను. నిజంగానే పడ్డానండీ, మీ కాళ్ళు పట్టుకుంటా అంది. నటన మొదటిసారికంటె మెరుగుపడిందని మెచ్చుకొన్నాను. కాసేపటికి పిలుపు ఆగింది. గెలిచాననుకొని పుట తిప్పాను.

తలుపు తోసుకొని వచ్చినవాడు పక్కింటి దర్జీ. గోడ అవతలినుంచి విన్నాడట. అతడు మీ ప్రయోగంలో పాల్గొనలేదు, కనుక లేచాడు. ఏం మాస్టారూ, చెవులు గానీ పోయాయా అని అరిచాడు. నన్ను అలా అన్నవాడు ఇంతవరకు లేడు.

నా రెండు ఫలితాలనూ కలిపి లెక్క వేసుకో. నీ సగటు సరిపోతుంది.

ఇట్లు,
మీ నాన్న

తా.క.: మీ అమ్మ ఆదివారం ఆసుపత్రిలో పోయింది. జరగవలసినదంతా జరిగిపోయింది. నీకు ఫోను చేస్తానని దర్జీ అంటే నేనే వద్దన్నాను; అదీ ఒక ప్రయోగమేనని నీవు నవ్వుతావేమోనని. ఇక రానక్కరలేదు. ఆ టేపును మాత్రం చెరపకు. ఆమె గొంతు మిగిలింది అందులోనే. నాకు పంపవద్దు. ఆ గదిలోనే ఒంటరిగా కూర్చొని విను. ఎంతసేపటికి లేస్తావో కొలుచుకో.