మీ నాన్న దగ్గర కూర్చునే మనిషి

చిరంజీవి బుల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా. మీ నాన్న సంగతి నిదానంగా రాస్తున్నాను, నువ్వూ నిదానంగానే చదువు. నువ్వు ఉద్యోగం చేసే ఆ కొండల్లో ఫోను అందదు. అందినా ఇది నోటితో చెప్పగలిగే సంగతి కాదు.

రోజూ వచ్చే ఆవిడ ఎవరు, నర్సా అని అడిగావు. నర్సు కాదు. ఆసుపత్రి వాళ్లు పంపిన మనిషి. డౌలా అంటారట. పురిటికి మంత్రసాని తోడున్నట్టు, చివరి రోజుల్లో ఉన్నవాళ్లకీ వాళ్ల ఇంటివాళ్లకీ తోడుంటుందట. మీ నాన్నకి చివరి రోజులని ఈవిడకెవరు చెప్పారని అప్పుడే మండింది నాకు.

సూది వేయదు, మందు ఇవ్వదు. కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. ఊరికే కూర్చోవడానికి ఒక మనిషా? మీ నాన్న మాత్రం ఆవిడకి సరదాగా పేరు పెట్టి, "తోడుపెళ్లికూతురు వచ్చిందా?" అంటూ గుమ్మం వైపే చూస్తుంటారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి, ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి.

వచ్చీ రాగానే మంచం కిటికీ వైపు తిప్పించింది. రోడ్డు కనిపిస్తే ఆయనకి కాలక్షేపమట. నేను సూపు తాగిస్తుంటే, "ఆకలి లేనప్పుడు బలవంతం చెయ్యకండమ్మా" అంది. తిండి మాన్పించే మనిషిని ఎక్కడైనా చూశామా? ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు సంచి విప్పి చూశాను కూడా. ఒక శాలువా, కళ్లజోడు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు. ఏమీ దొరక్కపోయేసరికి నా అనుమానం ఇంకా పెరిగింది.

మొన్న మధ్యాహ్నం గది తలుపు దగ్గరగా వేసి ఉంది. కుట్టుమిషను ఆపి వెళ్లి నిలబడ్డాను. లోపల మీ నాన్న ఏడుస్తున్నారు. ఇన్నేళ్లలో నేను వినని ఏడుపు. ఆవిడ ఊరుకోబెట్టడం లేదు సరికదా, "ఏడవండి, ఫరవాలేదు" అంటోంది.

తలుపు తోసుకుని వెళ్లాను. "రేపటి నుంచి మీరు రావద్దు" అన్నాను.

ఆవిడ వాదించలేదు. "సరేనమ్మా. కావాలంటే కబురు చెయ్యండి" అని వెళ్లిపోయింది. ఆ నెమ్మదితనం కూడా నాకు నచ్చలేదు.

మీ నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నారు.

"నాకు చెప్పలేనివి ఆవిడకేం చెప్తారు?" అని నిలదీశాను.

గోడ వైపు నుంచి తల తిప్పకుండానే అన్నారు, "నేను పోతున్నానంటే ఆమె వింటుంది. నీకు చెప్పబోతే సూపు వేడి చెయ్యడానికి లేస్తావు."

నేను అప్పటికే సగం లేచి ఉన్నాను, బుల్లీ. మళ్లీ కూర్చున్నాను.

"చెప్పండి" అన్నాను.

చెప్పారు. భయంగా ఉందన్నారు. ఊపిరాడకుండా పోతానేమోనని నిద్ర పట్టడం లేదన్నారు. మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లవద్దని, ఈ ఇంట్లోనే కన్నుమూస్తానని నా దగ్గర మాట తీసుకున్నారు. నిన్ను చూడాలన్నారు. ఏడుస్తుంటే ఏడవనిచ్చాను. నేనూ ఏడ్చాను.

నిన్న పొద్దున నేనే కబురు పంపాను. ఆవిడ వచ్చి, ఊపిరి తీరు మారితే ఎలా ఉంటుందో, తల ఎంత ఎత్తులో పెట్టాలో, ఎవరిని పిలవాలో చెప్పింది. తర్వాత వంటగదిలోకి వచ్చి, "మీరెలా ఉన్నారమ్మా?" అని అడిగింది. నా సంగతి ఆవిడకెందుకో ఇప్పటికీ అర్థం కాలేదు. టీ మాత్రం ఇచ్చాను.

ఇక నీ దగ్గర దాచలేను. కోలుకుంటున్నారని పోయిన ఉత్తరంలో రాశానే, అది నా ఆశ తల్లీ, నిజం కాదు. డాక్టరు అప్పటికే చేతులెత్తేశాడు. సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా బయల్దేరు. వచ్చాక "నీకేం కాదు నాన్నా" అని మాత్రం అనకు. ఆయన ఏం చెప్పినా చివరిదాకా విను. మధ్యలో లేవకు.

ఇట్లు,
నీ కోసం ఎదురుచూస్తున్న
అమ్మ