చిలక బొమ్మ బస్సు

మెదక్, 12 జూలై 1966, మంగళవారం

ఆ కండక్టర్ మీద కోపం ఇంకా చల్లారలేదు. ఎప్పటిలాగే సరదాకి కుల్చారం బస్సెక్కాను. రెండు మైళ్లు పోయాక అతను టిక్కెట్లు కొడుతూ నా పక్క సీట్లో ముసలమ్మ దగ్గర ఆగాడు. ఆమె రేగోడ్‌కు ఇమ్మంది.

“గంత పెద్ద బోర్డు కనవడలేదా? దిగు, దిగు!” అని అరిచాడు.

“సదువు రాదు బిడ్డా. చిలక బొమ్మ జూసి ఎక్కిన. మనుమనికి జరమొచ్చింది, మందు తీస్కవోతున్న.”

బస్సంతా నవ్వింది. వెధవలు! ఊళ్లవాళ్లలో సగంమంది బస్సు వెనక తలనూనె ప్రకటనలోని బొమ్మ చూసే ఎక్కుతారని వీళ్లకు తెలియదా?

నేనూ దిగి ఆమెతో వెనక్కి నడిచాను. స్టాండుకు చేరేసరికి రేగోడ్ ఆఖరి బస్సు వెళ్లిపోయింది.

“నువ్వే గద సారూ, చిలక బస్సెక్కుమని పోయిన సంతనాడు జెప్పింది,” అంది ముసలమ్మ. ఆ గొంతులో కోపం కూడా లేదు.

ఇప్పుడు మా వరండాలో మందు సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నిద్రపోవడం లేదు.

చిలక బస్సును కుల్చారం రూటుకు మార్చారని నాకు నిన్ననే తెలిసింది. నా బస్సుల నోటుబుక్కులో ఎర్ర సిరాతో, కింద గీత గీసి మరీ రాసుకున్నాను.